టోపీ కాయలు

అమెరికా వచ్చిన కొత్తలో మా ఇంట్లో అన్నిటికంటే జాగ్రత్తగా దాచుకున్నది క్వార్టర్లు. పావు డాలరు బిళ్ళలు. మేమున్న అపార్ట్‌మెంట్ నేలమాళిగలో బట్టలుతికే మెషిన్ ఆ బిళ్ళలు తప్ప ఇంకేమీ తీసుకునేది కాదు. మా ఆయన ఆఫీసు నుంచి రాగానే జేబులన్నీ దులిపి క్వార్టర్లు ఏరి హార్లిక్స్ సీసాలో వేసేదాన్ని. ఆదివారం వచ్చేసరికి సీసా నిండిందా, వారం గడిచినట్టే.

అది 2002. ఊరు హార్ట్‌ఫర్డ్, కనెటికట్ రాష్ట్రం. ఇన్సూరెన్స్ కంపెనీల ఊరు కాబట్టి కంప్యూటర్ పని మీద వచ్చిన తెలుగువాళ్ళు అప్పటికే చాలామంది ఉండేవాళ్ళు. ఒకరోజు మెషిన్‌లో వేయబోతూ ఒక బిళ్ళ దగ్గర ఆగిపోయాను. దాని మీద చెట్టు. ఆకుల్లేకుండా, వంద కొమ్మలు నాలుగు దిక్కులకూ చాపుకుని, బిళ్ళంతా తానే అయిన చెట్టు. మర్రి అనుకున్నాను. వీళ్ళకు మర్రిచెట్టు ఎక్కడిది, పైగా డబ్బు మీద ఎందుకు వేసుకున్నారు అని ఆశ్చర్యం. ఆ బిళ్ళ ఖర్చుపెట్టలేదు. ఆ వారం ఒక లోడు దుప్పట్లు ఉతక్కుండానే ఉండిపోయాయి.

అది మర్రి కాదు, ఓక్ అని తర్వాత తెలిసింది. 1999లో కనెటికట్ పేరున అచ్చువేసిన బిళ్ళ, దాని మీద చార్టర్ ఓక్. ఓక్ అన్న మాట ఇంగ్లీషు పాఠాల్లో చదివిందే గానీ దాన్ని ఒక చెట్టుగా ఎప్పుడూ ఊహించుకోలేదు. మా శ్రీకాళహస్తిలో నేను చదివిన మిషన్ బడిలో అబ్రాహాము మమ్రే దగ్గర సింధూరవనంలో గుడారం వేసుకున్నాడని చెప్పేవాళ్ళు. సింధూరం అంటే బొట్టు పెట్టుకునే సింధూరమే కదా, ఎర్రెర్రని చెట్ల తోట అనుకుని ఎంతో అందంగా ఊహించుకున్నాను. తెలుగు బైబిలులోని ఆ సింధూర వృక్షమే ఈ ఓక్ అని తెలియడానికి నాకు పాతికేళ్ళు పట్టింది.

2004 ఏప్రిల్ చివర్లో అమ్మ వచ్చింది. నా పురిటికి. అప్పటికి మేం ఊరి బయట ఒక చిన్న అద్దె ఇంటికి మారాం. పెరట్లో పెద్ద ఓక్. అమ్మ వచ్చిన రోజే కిటికీలోంచి చూసి, "ఏమ్మే, చచ్చిపోయిన చెట్టును ఇంటి పక్కన పెట్టుకుని ఉండారే, కొట్టించకూడదా?" అంది. చావలేదమ్మా, చలికాలం దాటింది, ఇప్పుడు చిగురిస్తుంది చూడు అన్నాను. వారం తిరక్కుండా కొమ్మల చివర గులాబి రంగు చిగురు, పట్టుకుంటే నూగు. అమ్మ రోజూ పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని దాని కిందే నిలబడేది.

ఆ చిగురు గురించి ఒక కథ పక్కింటి పెద్దావిడ చెప్పింది. హార్ట్‌ఫర్డ్‌కు ఇంగ్లీషువాళ్ళు వచ్చి భూమి చదును చేస్తున్నప్పుడు ఒక పాత ఓక్‌ను నరకబోయారట. అక్కడి ఆదివాసులు వచ్చి అడ్డుపడ్డారట. మా తాతముత్తాతల నుంచి మాకు దారి చూపిస్తున్న చెట్టు ఇది, దీని ఆకు ఎలుక చెవంత అయినప్పుడు మేం మొక్కజొన్న విత్తనం వేస్తాం, కొట్టొద్దు అన్నారట. ఆ చెట్టే తర్వాత చార్టర్ ఓక్ అయింది. నేను తెలుగులో చెప్తే అమ్మ చిగురాకు ఒకటి తుంచి చూపుడువేలి మీద పెట్టి కొలిచింది. "అంతే గదా. మీ తాత కార్తెలు లెక్కపెట్టి విత్తనం తీసేవాడు, వీళ్ళు ఎలక చెవి చూసి తీసినారు. పంచాంగం లేకపోతే ఏం, చెట్టు ఉంది" అంది. పరాయి దేశంలో అమ్మకు మొదట నచ్చిన మాట అదే అనుకుంటాను. ఆ తర్వాత ఆ చెట్టును కొట్టించమనలేదు.

జూన్‌లో పాప పుట్టింది. అమ్మ పెట్టెలోంచి అసలు సామాను అప్పుడు బయటికొచ్చింది. అరచేతంత సాన, వస కొమ్ము, కరక్కాయ, జాజికాయ, శొంఠి, మాచికాయలు. అన్నిటినీ తల్లిపాలతో సాన మీద ఒక్కో చుట్టు అరగదీసి పసిపిల్ల నాలుకకు రాయడం మా ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే. నాకూ రాశారు, మా అమ్మకూ రాశారు. ఇక్కడి పిల్లల డాక్టరు మాత్రం ఆరు నెలల దాకా పాలు తప్ప ఇంకేమీ వద్దన్నాడు. నేను డాక్టరు మాటే విన్నాను, ఇప్పుడైనా అదే వింటాను. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తన నోట్లో పుండు లేచిందని మాచికాయ అరగదీసుకుని తనే రాసుకుంది. పుండు నిజంగా లేచిందో, సాన చేతికి దూరమై తోచలేదో!

అమ్మకు మాచికాయ కొనడంలో ఒక పద్ధతి ఉండేది. చిన్నప్పుడు నన్ను మందుల అంగడికి పంపేటప్పుడు ప్రతిసారీ చెప్పేది: "బెజ్జం లేనివి చూసి తీసుకో. బెజ్జం ఉంటే పురుగు తిన్నట్టు." గోలీకాయంత, బూడిద పచ్చ రంగు, ఒళ్ళంతా చిన్న బొడిపెలు, రాయిలాగా గట్టిగా ఉండే కాయ. అది ఏ చెట్టు కాయ అని అంగడాయనను ఎప్పుడూ అడగలేదు. కరక్కాయ చెట్టుకు కాసినట్టే మాచికాయ మాచిచెట్టుకు కాస్తుంది కాబోలు.

ఆ వేసవిలో పక్కింటావిడ పాపను చూడ్డానికి వస్తూ పెరట్లో రాలిన ఓక్ కొమ్మ ఒకటి పట్టుకొచ్చింది. ఆకుకు అతుక్కుని లేత పచ్చని ఉండ. ఇది కాయ కాదు, ఓక్ ఆపిల్ అంటాం అని చెప్పి గోటితో చీల్చింది. లోపల దూదిలాంటి పీచు, నడుమ ఆవగింజంత గది, అందులో తెల్లటి పురుగు. చిన్న కందిరీగ జాతి పురుగు లేత ఆకులో గుడ్డు పెడుతుందట. చెట్టు ఆ గుడ్డు చుట్టూ తన ఒంటితోనే ఇల్లు కట్టిపెడుతుంది. పురుగు పెరిగి రెక్కలు రాగానే గోడకు బెజ్జం చేసుకుని ఎగిరిపోతుంది.

బెజ్జం అనగానే నేను అమ్మ వైపు చూశాను. అమ్మకు ఇంగ్లీషు రాదు గానీ ఆ ఉండను చూసి తనూ అదే అనుకున్నట్టుంది, లేచి లోపలికెళ్ళి డబ్బాలోంచి మాచికాయ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని కిటికీ వెలుతురులో తిప్పి చూసి, ఇదీ అదే, ఓక్ మీద పురుగు కట్టించిన ఇల్లే, కాకపోతే తూర్పు దేశాలది అంది. తర్వాత లైబ్రరీలో వెతికితే నిజమే. టర్కీ, సిరియా, ఇరాన్ వైపు పెరిగే పొట్టి ఓక్ మీద వస్తుంది మాచికాయ. బెజ్జం లేనిదే మేలురకం, పురుగు ఎగిరిపోకముందు కోసినది, వగరు ఎక్కువ. అంగట్లో అమ్మ ఏరిన లెక్క సరైనదే, కారణమే వేరు. పురుగు తిన్నది బెజ్జమున్న కాయ కాదు. బెజ్జం లేనిదాంట్లో పురుగు ఇంకా లోపలే ఉండిపోయింది. ఈ సంగతి అమ్మకు చెప్పాక నాలుక మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

ఈ పక్కింటావిడ గురించి కొంచెం చెప్పాలి. అమ్మ ఆవిడను దొరసానమ్మ అనేది. అప్పటికి డెబ్భై దాటాయి. పుట్టింది ఇంగ్లండులో ష్రాప్‌షైర్, పెళ్ళయి ఇక్కడికొచ్చింది. ఇద్దరికీ భాష లేదు, అయినా మధ్యాహ్నం పూట ఇద్దరూ అరుగు మీద గంటలు గంటలు కూర్చునేవాళ్ళు. జులైలో ఒక సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు కమ్మి ఉరుములు మొదలయ్యాయి. దొరసానమ్మ మా ఇంట్లోనే ఉంది. పెద్ద ఉరుము ఉరిమేసరికి అమ్మ పాప తల మీద చెయ్యేసి "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అని మొదలుపెట్టింది. ఆవిడ ఏమిటని అడిగింది. పిడుగు పడకుండా అర్జునుడి పేర్లు చదువుతుంది అన్నాను. ఆవిడ నవ్వలేదు. కోటు జేబులోంచి కిందటేటి ఎండిపోయిన ఓక్ కాయ తీసి మా కిటికీ గట్టు మీద పెట్టింది. ఓక్ ఉరుముల దేవుడు థోర్‌ది కాబట్టి దాని కాయ కిటికీలో ఉన్న ఇంటి మీద పిడుగు పడదట. వాళ్ళింట్లో కిటికీ తెర లాగే తాడు చివర చెక్కతో చేసిన ఓక్ కాయ వేలాడుతుండేది. నేనది అందానికి అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఉరుము దేవుడికీ ఓక్‌కూ ఈ చుట్టరికం ఒక్క ఇంగ్లండుదే కాదు. గ్రీసులో డొడోనా అనే చోట ఓక్ ఆకుల గలగలలో జ్యూస్ దేవుడి మాట వినేవాళ్ళు. లిథువేనియాలో పెర్కూనస్ అనే ఉరుముల దేవుడిదీ ఓకే. ఆ పేరుకూ మన వేదాల్లోని పర్జన్యుడి పేరుకూ ఒకే మూలం అనే భాషాశాస్త్రవేత్తలున్నారు, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. నాకు ఒప్పుకోవాలని ఉంది, అంతకుమించి నా దగ్గర రుజువు లేదు. ఇంగ్లండు పల్లెల్లోనే ఓక్ కింద నిలబడొద్దు, అది పిడుగును పిలుస్తుంది అనే సామెత కూడా ఉందని దొరసానమ్మే చెప్పింది. మరి కిటికీలో కాయ ఎందుకు అంటే, చెట్టు వేరు కాయ వేరు అంది. ఆ రాత్రి పిడుగు పడలేదు. అర్జునుడి ఖాతాలో వేయాలో థోర్ ఖాతాలో వేయాలో ఇద్దరూ తేల్చుకోలేదు.

సెప్టెంబరులో కాయలు రాలడం మొదలైంది. కారు మీద టప్, రేకు మీద టంగ్, రాత్రంతా ఎవరో రాళ్ళేస్తున్నట్టు. పొద్దున అమ్మ కొంగు నిండా ఏరుకొచ్చింది. "ఇన్ని వక్కలు రాలి ఉంటే ఎవురూ ఏరుకోరే ఇక్కడ?" చూడ్డానికి చిన్న వక్కల్లాగే ఉంటాయి మరి, నెత్తిన గరుకు టోపీ ఒకటి అదనం. అందుకే మా ఇంట్లో వాటి పేరు టోపీ కాయలు. ఒకటి కొరికి మొహం ముడుచుకుని ఉమ్మేసింది. "థూ, కరక్కాయ నయం." చారల్లేని బూడిద ఉడతలు మాత్రం నోట కరుచుకుని పరుగులు. వీటి వీపున రాముడు చెయ్యి వేయలేదే అని అమ్మకు వాటి మీద జాలి.

వగరు పోగొడితే తినొచ్చని, ఆదివాసులు ఆ గింజలు దంచి నీళ్ళు మార్చి మార్చి కడిగి పిండి చేసుకునేవాళ్ళని చదివి చెప్పడం నా తప్పు. మామిడి టెంకలోని జీడిని అలాగే నానబెట్టి అంబలి కాచుకునేవాళ్ళు మన మన్యంలోనూ ఉన్నారని అమ్మకు తెలుసు. ఇక ఆగుతుందా? రెండు దోసిళ్ళ కాయలు పగలగొట్టి పప్పు తీసి, ఊరి నుంచి మోసుకొచ్చిన ఇనప మూకుట్లో నీళ్ళు పోసి నానేసింది. తెల్లారి చూస్తే మూకుడు నిండా నల్లటి నీళ్ళు. సిరా.

నేను పారబోయబోతే అమ్మ ఆపింది. మా అమ్మ పుట్టిల్లు కాళహస్తిలో కలంకారీ పనివాళ్ళ వీధి. కరక్కాయ నీళ్ళలో, పాలలో ముంచి ఆరేసిన గుడ్డల వాసన, స్వర్ణముఖిలో ఉతికి ఇసుకలో పరిచిన రంగులు ఆమె చిన్నతనం. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము కుండలో పులియబెట్టి తీసిన నీళ్ళు కరక్కాయ పట్టించిన గుడ్డకు తగిలితే నల్లబడుతుంది, అదే గీతల నలుపు. "వగరూ ఇనుమూ కలిసినాయి, నలుపు రాక ఏమొస్తుంది?" అని అగ్గిపుల్ల చివర ముంచి పాత పేపరు మీద శ్రీ అని రాసింది. ముందు బూడిద రంగులో కనబడి, ఆరేకొద్దీ నల్లబడింది.

యూరప్‌లో వందల ఏళ్ళు దస్తావేజులు చాలావరకు ఈ నలుపుతోనే రాశారు. మాచికాయ పొడి, ఇనప ఉప్పయిన అన్నభేది, తుమ్మజిగురు. మూడూ మా కాళహస్తి అంగట్లో పక్కపక్క డబ్బాల్లో ఉండేవి.

అక్టోబరులో, అమ్మ తిరుగు ప్రయాణానికి వారం ముందు, బిళ్ళ మీది చెట్టును చూపిద్దామని తీసుకెళ్ళాను. చెట్టు లేదు. 1856 ఆగస్టు 21న గాలివానకు కూలిపోయింది. అది ఉన్నచోట ఒక రాతి స్తంభం, అంతే. ఒక చెట్టు పడిపోయిందని ఆ రోజు ఊరంతా శోకం పట్టిందట, బ్యాండు వాళ్ళు వచ్చి విషాద గీతాలు వాయించారట, పొద్దుగూకే వేళ గంటలు మోగించారట. దాని కథ దొరసానమ్మ కారులో వెనక సీటులో కూర్చుని చెప్తే నేను ముందు నుంచి తెలుగులోకి మార్చాను. 1662లో ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ కనెటికట్ వాళ్ళకు, మిమ్మల్ని మీరే పాలించుకోండి అని ఒక పత్రం రాసిచ్చాడు. అదే చార్టర్. ఆయన పోయాక తమ్ముడు జేమ్స్ గద్దెనెక్కి, ఆ పత్రం వెనక్కి తెమ్మని ఆండ్రోస్ అనే అధికారిని పంపాడు. 1687 అక్టోబరు 31 సాయంత్రం సభ జరిగింది. పత్రం బల్ల మీద ఉంది. వాదన సాగుతుండగా కొవ్వొత్తులన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. మళ్ళీ వెలిగించేసరికి పత్రం లేదు. వాడ్స్‌వర్త్ అనే కెప్టెన్ దాన్ని తీసుకుపోయి ఓక్ తొర్రలో దాచేశాడు.

"జమ్మిచెట్టు మీద పాండవులు ఆయుధాలు దాచినట్టా!" అంది అమ్మ. ఆ వారమే దసరా. పాపకు మొదటి దసరా, ఇంట్లో జమ్మి ఆకు లేదని పొద్దుననే బాధపడింది. ఇప్పుడు దొరసానమ్మ వంతు, పాండవుల కథ అడిగింది. శవాన్ని కట్టినట్టు మూటగట్టి చెట్టుకు వేలాడదీస్తే భయపడి ఎవరూ దగ్గరికి రారని వాళ్ళ ఆలోచన అనగానే ఆవిడకు ఎంత నచ్చిందో, కొవ్వొత్తుల కంటే అదే మంచి ఉపాయం అంది. దసరా నాడు ఆ చెట్టుకు మొక్కి ఆకులు పంచుకుంటాం, తెలంగాణలో దాన్నే బంగారం అంటారు అన్నాను. అప్పుడావిడ తన చిన్నతనం చెప్పింది.

ఆ చార్టర్ ఇచ్చిన రెండో చార్లెసే, అంతకు చాలాముందు, 1651 సెప్టెంబరు 3న వూస్టర్ యుద్ధంలో ఓడి, ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఆవిడ పుట్టిన ప్రాంతానికే వచ్చాడు. బాస్కబెల్ అనే చోట శత్రు సైనికులు అడవి గాలిస్తుంటే ఒక పగలంతా ఓక్ కొమ్మల్లో దాక్కున్నాడు. తోడున్న అధికారి పేరు కేర్‌లెస్. అలసిపోయిన రాజు అతని ఒళ్ళో తలపెట్టి నిద్రపోతే, ఆయన కింద పడకుండా కాచిందీ ఆ కేర్‌లెసే. 1660లో రాజ్యం తిరిగొచ్చాక రాజు పుట్టినరోజైన మే 29 పండగైంది, ఓక్ ఆపిల్ డే. ఆ రోజు బట్టలకు ఓక్ ఆకు గుచ్చుకోవాలి. ఆవిడ బడికి వెళ్ళే రోజుల్లో ఆకు పెట్టుకోని పిల్లల కాళ్ళకు దురదాకు రాసేవాళ్ళట. ఒకసారి తనూ మరిచిపోయింది. అరవై ఏళ్ళ కిందటి ఆ దురదను చూపిస్తూ మోకాలు రుద్దుకుంది.

నేను చాలాసేపు ఆ రాజు గురించే ఆలోచించాను. తను ఒక ఓక్‌లో దాక్కున్నాడు, తనిచ్చిన కాగితం సముద్రానికి ఇవతల ఇంకో ఓక్‌లో దాగింది. ఇది కాకతాళీయమే కావచ్చు, కథ చెప్పేవాళ్ళు ఒకదాన్ని చూసి ఒకటి అల్లి ఉండొచ్చు. జనానికి చెట్టు తొర్ర కంటే నమ్మకమైన బీరువా ఇంకోటి తోచదు కాబోలు. బాస్కబెల్ అసలు చెట్టును తర్వాత జ్ఞాపకంగా ముక్కలు కోసుకుపోయినవాళ్ళే చంపేశారు, ఇప్పుడున్నది దాని సంతానం అంటారు. హార్ట్‌ఫర్డ్ చెట్టు పడ్డాక దాని చెక్కకూ అదే గిరాకీ. ఆ ఊళ్ళోనే కాపురమున్న మార్క్ ట్వెయిన్, ఈ చెట్టు చెక్కతో చేశామని చూపించే సామానంతా కలిపితే ఇక్కడి నుంచి సాల్ట్ లేక్ సిటీ దాకా చెక్కబాట వేయొచ్చని ఎగతాళి చేశాడు.

అసలు పత్రం రాష్ట్ర గ్రంథాలయం మ్యూజియంలో ఉంది. గాజు వెనక, చార్టర్ ఓక్ చెక్కతోనే చేసిన చట్రంలో. అమ్మ ముక్కు గాజుకు ఆనేలా వంగి అక్షరాలు చూసింది. చదవడానికి కాదు, నలుపు చూడ్డానికి. "మాచికాయ సిరానే అయి ఉంటాది" అంది. ఆ కాలంలో ఇంగ్లండు కచేరీల్లో వాడింది అదేనన్నాను. "అయితే చెట్టు వగరుతో రాసి, చెట్టులో దాచి, చెట్టునే చట్రం చేసినారు. ఇంక దానికి మిగిలిందేముంది?" కాపలా మనిషి ఏమంటుందని అడిగితే, బాగుందంటుంది అని చెప్పాను.

వెళ్ళే ముందు రోజు దొరసానమ్మ గిన్నెలో నీళ్ళు పోసి రెండు టోపీ కాయలు వదిలింది. ఒకటి నేను, ఒకటి మా ఆయన. రెండూ తేలుతూ దగ్గరికొస్తే ఆ జంట నిలుస్తుందని వాళ్ళ ఊరి ఆడపిల్లల ఆట. "పెళ్ళయి బిడ్డ పుట్టినాక ఇదెందుకు, జాతకాలు మేం ఎప్పుడో చూసినాం" అని అమ్మ గొణిగింది గానీ కళ్ళు మాత్రం గిన్నె మీదే. రెండు కాయలూ చెరో అంచుకూ పోయాయి. అమ్మ చెంచా పెట్టి దగ్గరికి తోసింది.

క్వార్టర్ బిళ్ళ అమ్మ తీసుకెళ్ళి దేవుడి గూట్లో పెట్టుకుంది. కొన్ని కాయలు కూడా కొంగున కట్టుకుని వెళ్ళి పెరట్లో పాతింది, ఒక్కటీ మొలవలేదు. కాళహస్తి ఎండకు అవి మొలిస్తేనే వింత.

అమ్మ పోయి ఇప్పటికి మూడేళ్ళు. కిందటి వేసవిలో కాళహస్తి ఇల్లు సర్దుతుంటే మందుల డబ్బా దొరికింది. వస ఎండి పుల్లయింది. కరక్కాయలు, నాలుగు మాచికాయలు, వాటి మధ్య టోపీ ఊడిన ఓక్ కాయ ఒకటి. ఊపితే లోపల పప్పు ఎండిపోయి గలగలమంటుంది. మా అమ్మాయికి చూపిస్తే చెవి దగ్గర పెట్టుకుని ఊపుతూనే ఉంది.

సాయంత్రం అదే మందుల అంగడికి వెళ్ళాను. ఇప్పుడు కొడుకు కూర్చుంటున్నాడు. యాభై గ్రాముల మాచికాయలు అడిగితే పళ్ళెంలో పోశాడు, అలవాటు కొద్దీ ఒక్కోటి తిప్పి చూస్తున్నాను. ఒకదానికి బెజ్జం ఉంది. గుండుసూది మందం, అంచులు నున్నగా. అది చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను.

"అది పుచ్చుదమ్మా, పక్కన పెట్టేయండి" అన్నాడు.

పుచ్చుది కాదు నాయనా అని మొదలుపెట్టాను. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. దాన్ని మిగతావాటితో కలిపి పొట్లం కట్టమన్నాను.